షేక్ నకిరానా, మారిఫానా?



మొన్న నాలుగో తరగతి చదివే మా బేటీకి ప్రాపర్ నౌన్ల కింద గీతలు గీయమని ఇంగ్లీషు హోంవర్క్ ఇచ్చారు. ఐదు నిమిషాల్లో ముగించింది. ఎలా గుర్తుపట్టావని అడిగితే, "క్యాపిటల్ లెటర్ ఉంది కదా అబ్బా" అంది. వాక్యం మొదట్లో ఉన్న 'ది' కింద కూడా గీత పడింది.

తెలుగుకూ ఉర్దూకూ క్యాపిటల్ లెటర్లు లేవు. అందుకే "వెన్నెల వచ్చింది" అని రాసి ఇచ్చాను. "వెన్నెల నా బెంచీలోనే కూర్చుంటుంది" అంది. మరి "డాబా మీదికి వెన్నెల వచ్చింది" అంటే? పెన్సిల్ కొరుకుతూ కూర్చుంది. నూర్, షబ్నం, చాంద్ కూడా అంతే: వెలుగు, మంచుబిందువు, చందమామ. మన గల్లీలో ముగ్గురు మనుషులు కూడా.

ఉర్దూ ఖవాయిద్‌లో దీనికి మంచి మాటలున్నాయి. ఏదో ఒకటి అనిపించేది ఇస్మ్-ఎ-నకిరా, ఫలానా అని ఎరిగినది ఇస్మ్-ఎ-మారిఫా. మారిఫత్ అన్న మాటకు ఇది చుట్టమే. నా ఉద్దేశంలో పిల్లలకు అక్షరం సైజు కాదు, ఈ ఎరుక నేర్పాలి. ఊళ్ళ పేర్లతో మొదలుపెట్టవచ్చు. నగర్ నకిరా, మహబూబ్‌నగర్ మారిఫా. ఆ మహబూబ్ ఆరో నిజాం మీర్ మహబూబ్ అలీ ఖాన్ అని చెబితే తారీఖ్ కూడా వచ్చేస్తుంది.

అసలు చిక్కు మన పేర్లతోనే. షేక్ అంటే అరబ్బీలో పెద్దమనిషి. ఆంధ్రాలో అది ఇంటిపేరు స్థానంలో ముందు కూర్చుంది. నేను చదివిన స్కూల్లో హాజరు పిలిచే సారు "షేక్" అంటే నలుగురం లేచేవాళ్ళం. విసిగిపోయి షేక్ వన్, షేక్ టూ అని పెట్టారు. నేను షేక్ త్రీని. పదో తరగతి దాకా ఆ సారుకి నా పేరు తెలియదు. నవ్వేవాణ్ణి గానీ ఇంటికొచ్చి అమ్మీతో ఎప్పుడూ చెప్పలేదు.

అబ్దుల్ సంగతి ఇంకా ఘోరం. అబ్ద్ అంటే బందా, దాస్యం చేసేవాడు. ఎవరి బందా అన్నది తర్వాతి మాటలో ఉంటుంది. "అబ్దుల్, ఇలా రా" అంటే సగం మాటే పిలిచినట్టు. పోనీ రెండో సగం పట్టుకుని "రహ్మాన్" అందామా అంటే అది అల్లాహ్ నామం. మనిషిని ఒట్టి ఆ పేరుతో పిలవడాన్ని ఉలమాలు వారిస్తారు. సారుల తప్పు కొంతే. మనమే ఇళ్ళల్లో అలా పిలుస్తున్నాం.

రాత కూడా చూడండి. జీమ్, జాల్, జే, జ్వాద్, జోయ్ అన్నీ తెలుగులో ఒక్క 'జ' దగ్గరే ఆగిపోతాయి. జమీల్‌లోదీ జహీర్‌లోదీ ఒకే జ. అందుకే మా బేటీ చేత తన పూరా నామ్ మూడు లిపుల్లో రాయించి, అర్థం చెప్పి, అల్మారీ తలుపుకి అంటించాను. ఆధార్‌లో, స్కూలు రిజిస్టర్‌లో అదే స్పెల్లింగ్ ఉందో లేదో నేనే వెళ్ళి చూసొచ్చాను. లేదు. ఒక అక్షరం తేడా. దిద్దించడానికి అర్జీ పెట్టాను. మీరూ ఈ వారం ఒకసారి చూడండి.

నిన్న రాత్రి బేటీ అడిగింది: "అబ్బా, షేక్ నకిరానా, మారిఫానా?"

ఇద్దరం కలిసి దాదా దగ్గరికి వెళ్ళాం.