తిట్టే ముందు స్క్రూలు విప్పండి

రిమోట్ కారు పోయి గోడకు గుద్దుకుంటే మన ఇళ్లలో విచారణ రెండు నిమిషాల్లో అయిపోతుంది. నేరం పిల్లాడిది. "నీ చేతిలో ఏ వస్తువూ నిలవదు" అని తీర్పు. కారు అటకెక్కుతుంది, కొన్నాళ్లకు ఇంకో కారు ఇంట్లోకి వస్తుంది. కారు అడుగున ఉన్న నాలుగు స్క్రూలు విప్పి లోపల ఏం జరిగిందో చూసేవాళ్లు మాత్రం ఉండరు.

చూడకుండా తిట్టడం అన్యాయం. చూడకుండా పారేయడం దండగ. చూడకుండా అదే కారును మళ్లీ చేతికివ్వడం ప్రమాదం. నేను చెప్పదలచుకున్నది ఇంతే.

ప్రమాదం అన్న మాట పెద్దదనుకోకండి. మా ప్యాపిలి పక్కనుంచే హైదరాబాద్–బెంగళూరు జాతీయ రహదారి పోతుంది. రోడ్డు దగ్గర కారు చెయ్యి జారితే పిల్లాడు దాని వెంటే పరుగెత్తుతాడు. వాడి కన్ను కారు మీదే, వచ్చే లారీ మీద కాదు. పిట్టగోడ లేని మిద్దె మీదా ఇదే భయం. గంటకు 15 కిలోమీటర్ల వేగంతో పోయే బొమ్మ సెకనుకు 4 మీటర్లకు పైనే పోతుంది. మీ వాకిలి నుంచి రోడ్డుకు ఎన్ని మీటర్లో ఒకసారి అడుగులేసి చూసుకోండి.

ఇక కారు మాట వినకపోవడానికి కారణాలు చూద్దాం. మొదటిది సెల్లులు. మూడు కొత్తవి వేసి, గోడ గడియారంలోంచి తీసిన పాతది ఒకటి కలుపుతాం. మోటారు ఒక్కసారిగా కరెంటు లాగగానే వోల్టేజి పడిపోతుంది. సిగ్నల్ అందుకునే సర్క్యూట్ ఆ క్షణం పనిచేయడం మానేస్తుంది. పిల్లాడు పక్కకు తిప్పమని నొక్కుతూనే ఉంటాడు, కారు మాత్రం తిన్నగా పోతుంది. రిమోట్‌లో సెల్లులు నీరసించినా అంతే, సిగ్నల్ దూరం తగ్గిపోతుంది. కాబట్టి మార్చితే అన్నీ ఒకేసారి మార్చాలి. సెల్లుల పెట్టెలో స్ప్రింగులకు తుప్పు పడితే గరుకు కాగితంతో రుద్ది తుడవాలి.

రెండోది సన్న తీగలు. కారు లోపల యాంటెన్నా తీగ తెగినా, ముడుచుకుపోయి మోటారు పక్కన ఇరుక్కున్నా సిగ్నల్ సరిగా అందదు. మోటారుకు అతికించి ఉండే చిన్న బిళ్లలాంటి కెపాసిటర్ మోటారు పుట్టించే రేడియో అలజడిని అణచడానికి ఉంటుంది. అది ఊడితే కారు తిక్కతిక్కగా తిరగొచ్చు. సెల్‌ఫోన్ రిపేరు చేసే అబ్బాయికి చూపిస్తే రెండు చుక్కల సాల్డరింగ్‌తో సరిపోతుంది. పాత 27 మెగాహెర్ట్జ్ రకం కార్లు ఒకే వీధిలో రెండుంటే ఒకరి రిమోట్‌కు ఇంకొకరి కారు పరుగెత్తుతుంది. 2.4 గిగాహెర్ట్జ్ కార్లు తమ రిమోట్‌తో జత కడతాయి కాబట్టి ఈ గొడవ లేదు.

మూడోది మన తలవెంట్రుకలు! నవ్వకండి. ఇరుసు చుట్టూ వెంట్రుకలు, కుట్టుమిషన్ కింద రాలిన దారం చుట్టుకుని చక్రం బిగుసుకుంటుంది. ఒక చక్రం బిగిస్తే కారు ఒక పక్కకు లాగుతుంది. పట్టకారుతో తీసేయండి. అయినా పక్కకే పోతుంటే చాలా కార్లకు అడుగున ముందు చక్రాలను సరిచేసే చిన్న మీట ఉంటుంది, దాన్ని కొంచెం కొంచెం జరపండి.

నాలుగోది ఒక్కటే పిల్లాడి వైపుది. కారు తన ఎదురుగా వచ్చేటప్పుడు కుడి ఎడమవుతుంది, ఎడమ కుడి అవుతుంది. పెద్దవాళ్లకైనా వేళ్లు తడబడతాయి. "కారులో నువ్వే కూర్చున్నావనుకో" అని నేర్పి, మొదట్లో కారు వెనకాలే నడుస్తూ నడపమనాలి. బేతంచెర్ల బండల మీద నున్నగా జారుతుంది, అక్కడ మెల్లగా నడపమనాలి. ఇదంతా నేర్పితే వచ్చేది, తిడితే రాదు.

బాగుచేశాక తప్పకుండా చేయాల్సిన పరీక్ష ఒకటుంది. కారును గిన్నె మీద బోర్లించకుండా, చక్రాలు గాల్లో ఉండేలా పెట్టండి. ముందుకు నడిపే మీట నొక్కి పట్టుకుని రిమోట్ ఆపేయండి. చక్రాలు ఆగాలి. సిగ్నల్ తెగితే ఆగిపోయే ఈ ఏర్పాటును ఫెయిల్‌సేఫ్ అంటారు. ఆగకపోతే ఆ కారు గడప దాటకూడదు. ఆడేటప్పుడు ముందు రిమోట్ వేసి తర్వాత కారు వేయాలి. ఆపేటప్పుడు ముందు కారు, తర్వాత రిమోట్. లిథియం బ్యాటరీ ఉబ్బితే మాత్రం రిపేరు మాటే వద్దు, చార్జింగ్ పెట్టకుండా తీసేయాలి.

"ఇవి మగవాళ్ల పనులు" అంటారు కొందరు. కుక్కర్ గ్యాస్కెట్ ఎవరు మారుస్తున్నారు? మిక్సీ కింద అరిగిన కప్లర్ ఎవరు విప్పుతున్నారు? బాబిన్‌లో ఇరుక్కున్న దారం ఎవరు తీస్తున్నారు? ఆ చేతులకు నాలుగు స్క్రూలు లెక్కా!

"బొమ్మకు ఇంత రామాయణమా, పారేసి కొంటే పోలా" అని ఇంకొందరు. అమ్మేవాళ్లకు కావాల్సింది ఈ మాటే. 2021 జనవరి 1 నుంచి బొమ్మలకు ఐఎస్ఐ ముద్ర తప్పనిసరి చేశారు, మంచిదే. కానీ ఆ ముద్ర చూసేది భద్రతను. పళ్లచక్రం ఒకటి అరిగితే అదొక్కటే ఎక్కడ దొరుకుతుందో చెప్పదు. 2022 డిసెంబరులో కేంద్రం రిపేరు హక్కు పోర్టల్ తెచ్చినప్పుడు వ్యవసాయ పరికరాలు, ఫోన్లు, ఇంటి సామాన్లు, వాహనాల గురించి మాట్లాడింది. పిల్లల బొమ్మను ఎవరూ తలచుకోలేదు. డోన్‌లో కొన్నా, గుత్తిలో కొన్నా డబ్బులిచ్చే ముందు మనమే అడగాలి: ముద్ర ఉందా? స్క్రూలతో విప్పుకోవచ్చా, అంటించేశారా? రిమోట్ పోతే విడిగా దొరుకుతుందా? పదిమంది అడిగితే కొట్టువాడు కూడా తెచ్చే సరుకు చూసి తెస్తాడు.

ఈ ఆదివారం అటక మీది కారు దించండి. స్క్రూలు పోకుండా ఒక గిన్నెలో వేసుకోండి. పిల్లల్ని పక్కన కూర్చోబెట్టుకోండి. ఇంట్లో ఆడపిల్ల ఉంటే స్క్రూడ్రైవర్ ముందు ఆమె చేతికే ఇవ్వండి.