హోం థియేటర్ కొనేముందు నెట్ చూసుకోండి

పంట డబ్బు చేతికి రాగానే పెద్ద టీవీ, హోం థియేటర్ కొనాలనుకోవడం తప్పు కాదు. అయితే ఏది ముందు చూడాలో తెలియకపోతే సొమ్ము వృథా అవుతుంది.

మొదట చూడవలసింది ఇంటికి వచ్చే నెట్. నెట్‌ఫ్లిక్స్ లెక్క ప్రకారం 4కే బొమ్మకు సెకనుకు 15 మెగాబిట్ల వేగం కావాలి. గంటకు 7 జీబీ వరకు ఖర్చవుతుంది. రోజుకు 2 జీబీ ఇచ్చే ఫోన్ ప్యాక్‌తో అది అరగంట కూడా నడవదు. అలాంటి ఇంట్లో 4కేకని ఎక్కువ డబ్బు పెట్టడం దండగ.

రెండవది గది. 55 అంగుళాల టీవీని సుమారు 7 అడుగుల దూరం నుంచి చూడాలి. అయిదున్నర అడుగులే ఉంటే 43 అంగుళాలు చాలు.

మూడవది శబ్దం. 5.1 అంటే అయిదు స్పీకర్లు, ఒక బేస్ పెట్టె. వెనుక స్పీకర్లు పెట్టే చోటు లేని ఇంటికి సౌండ్‌బార్ మేలు.

సీరియళ్ళు రికార్డు చేసుకునేవారు మరొకటి గమనించాలి. సెట్‌టాప్ బాక్సు నుంచి పెన్‌డ్రైవ్‌లోకి ఎక్కించినవి సాధారణంగా ఆ బాక్సులోనే ఆడతాయి. బాక్సు మారిస్తే అవి పోయినట్టే. ఈ సంగతి కొనేటప్పుడే అడగాలి.

మన గది కొలత, మన నెట్ వేగం దుకాణదారుకు తెలియవు. ఆ రెండూ తెలుసుకుని వెళ్ళినవారికి వాయిదాల భారం తగ్గుతుంది.