తాళంచెవి అందరిదీ, స్టీరింగ్ ఒక్కరిదా?

ప్రొద్దుటూరు మెకానిక్ షెడ్లలో కానీ, జమ్మలమడుగు టీ అంగళ్ల దగ్గర కానీ, పులివెందుల చీనీ తోటల్లో కానీ, రెండు జీపులు పక్కపక్కన నిలబడితే చాలు, ఒక వాదన మొదలవుతుంది. కంపెనీ ఇచ్చిన స్టీరింగ్‌ను మార్చొచ్చా, అట్లే ఉంచాలా? సినిమా హీరోల మీద కూడా ఇంత గట్టిగా కొట్లాడుకోరు మావాళ్లు.

మహీంద్రా వాళ్లు 1947లో విల్లీస్ జీపులు బిగించడంతో ఈ కథ మొదలైంది. ఆ వంశంలోని పాత బండ్లు మా పక్క ఇంకా తిరుగుతానే ఉన్నాయి. వాటిలో చాలావాటికి పవర్ స్టీరింగ్ లేదు. 2020లో వచ్చిన థార్‌కి హైడ్రాలిక్ పవర్ స్టీరింగ్, 2024లో వచ్చిన థార్ రాక్స్‌కి ఎలక్ట్రిక్ పవర్ స్టీరింగ్ ఇచ్చారు. కొత్త బండి తోలి దిగి పాత జీపు ఎక్కితే భుజాలకి తేడా వెంటనే తెలుస్తుంది.

ఓనర్లలో నాకు మూడు రకాలు కనిపిస్తారు. మొదటి రకం, ఉన్నది ఉన్నట్టే ఉండాలనేవాళ్లు. నాపరాళ్ల గనుల దోవలో చక్రం రాయికి తగిలితే ఆ దెబ్బ చేతికి తెలియాలంట, అప్పుడే బండి మన మాట వింటుందంట. రాళ్లల్లో తోలేటప్పుడు బొటనవేలు స్టీరింగ్ లోపలికి పెట్టొద్దని నేర్పించేది వీళ్లే. చక్రం ఒక్కసారిగా తిరిగితే వేలు విరుగుతుంది మరి. రెండో రకం, పాత జీపుకి పవర్ స్టీరింగ్ పెట్టించుకునేవాళ్లు. మూడో రకం మన వయసు వాళ్లు. బండి ఎత్తు పెంచి, పెద్ద టైర్లు వేసి, గండికోట దగ్గర రీల్ తీసేవాళ్లు.

రెండో రకాన్ని సోమరులని ఎగతాళి చేస్తారు. నేను ఒప్పుకోను. మా బంధువుల్లో ఒక పెద్దమ్మకి డ్రైవింగ్ వచ్చు, కానీ తోటలో ఆ జీపు తిప్పలేక పెద్దనాయన కోసం ఎదురుచూసేది. పవర్ స్టీరింగ్ పెట్టించినాక ఆమే తోటకి పోయొస్తోంది. "ఒరిజినల్ ఫీల్" అనే మాట వెనక ఎంతమంది ఆడవాళ్లు, భుజం నొప్పి ఉన్న ముసలివాళ్లు ప్యాసింజర్ సీట్లో ఉండిపోయారో ఎవరూ లెక్కేయరు.

పైగా కంపెనీది అయినంత మాత్రాన సేఫ్ అనుకోవడం కూడా తప్పే. కేంద్ర మోటారు వాహనాల నిబంధనల్లో 98వ నిబంధన ప్రకారం స్టీరింగ్‌లో ఖాళీ ఆట 30 డిగ్రీలు మించకూడదు. అంటే గడియారంలో 12 నుంచి 1 దాకా. అరిగిపోయిన పాత బాక్స్‌ను ఒరిజినల్ అని ముద్దు చేసేవాళ్లు ఇది ఒకసారి కొలుచుకుంటే మంచిది.

అట్లని మూడో రకం చేసేది ఒప్పుకోలేను. పాత జీపులో స్టీరింగ్ బాక్స్ ఛాసిస్‌కి బిగించి ఉంటుంది. ముందు యాక్సిల్ మాత్రం పట్టీల మీద కిందికీ పైకీ ఊగుతుంది. ఈ రెండింటినీ కలిపే రాడ్‌ను డ్రాగ్ లింక్ అంటారు. కంపెనీ దాన్ని వీలైనంత అడ్డంగా ఉండేట్టు అమరుస్తుంది. బండిని ఎత్తు లేపితే ఆ రాడ్ ఏటవాలుగా అవుతుంది. అప్పుడు గుంతలో పడి యాక్సిల్ పైకి లేచిన ప్రతిసారీ, మనం తిప్పకపోయినా రాడ్ చక్రాన్ని పక్కకి నెడుతుంది. బంప్ స్టీర్ అంటే ఇదే. దానికి పెద్ద టైర్ల బరువు తోడైతే బాల్ జాయింట్లు తొందరగా అరుగుతాయి. రాడ్ వంచో, వెల్డింగ్ చేసో సర్దితే ఇంకా ప్రమాదం, ఆ అతుకు ఎప్పుడు ఊడుతుందో ఎవరికీ తెలియదు.

"నా బండి, నా ఇష్టం" అంటారు. సరే, ఆ బండి నిజంగా ఒక్కరే తోలుతారా? మా ఇండ్లలో జీపు తాళంచెవి గోడకి మేకు మీద వేలాడుతూ ఉంటుంది. పెళ్లికి బావమరిది తీసుకుపోతాడు. అర్ధరాత్రి ఎవరికైనా ఒంట్లో బాగాలేకపోతే పక్కింటి అన్న తోలుతాడు. ఓనర్‌కి తన బండి ఎడమకి లాగుతుందని అలవాటే. బావమరిదికి తెలియదు. పవర్ స్టీరింగ్ పంప్ బెల్టు తెగితే స్టీరింగ్ పనిచేస్తుంది కానీ ఒక్కసారిగా బరువెక్కుతుందని ఆ పక్కింటి అన్నకి ఎవరు చెప్పినారు? ఎదురుగా వచ్చే ఆటోలో వాళ్లకైతే అసలేమీ తెలియదు.

కంపెనీ స్టీరింగ్ గొప్పతనం నా దృష్టిలో ఇంతే. ముక్కూముఖం తెలియని డ్రైవర్ చేతిలో కూడా అది ఒకేలా పనిచేయాలని టెస్ట్ చేసి ఇస్తారు. మార్చిన రోజు ఆ బాధ్యత మన మీదికి వస్తుంది. సీఎస్ఈ వాళ్లకి ఇది సులభంగా అర్థమవుతుంది. టీమ్ మొత్తం వాడే కోడ్‌ను టెస్ట్ చేయకుండా, కామిట్ మెసేజ్ లేకుండా మార్చేస్తే ఎవడైనా ఊరుకుంటాడా?

చట్టం కూడా ఓనర్ ఇష్టానికి వదిలేయలేదు. మోటారు వాహనాల చట్టం 52వ సెక్షన్ ప్రకారం, కంపెనీ ఇచ్చిన స్పెసిఫికేషన్‌కి తేడా వచ్చేట్టు బండిని మార్చకూడదు. 2019 జనవరిలో సుప్రీంకోర్టు కూడా ఇదే చెప్పింది. అదే సంవత్సరం వచ్చిన సవరణతో అనుమతి లేని ఒక్కో మార్పుకి 5,000 రూపాయల జరిమానా, లేదా 6 నెలల వరకు జైలు, లేదా రెండూ.

కాబట్టి నేను అడిగేది ఇది. పాత జీపుకి పవర్ స్టీరింగ్ కావాలంటే ముందు ఆర్టీఓ ఆఫీసులో, ఇన్సూరెన్స్ వాళ్ల దగ్గర అడగండి. వాళ్లు కుదరదంటే ఆగిపోండి. కుదిరితే మొత్తం సెట్ వేయించండి, అతుకుల పని వద్దు. ఆ తర్వాత ఏం మార్చినారో, ఏది చెడిపోతే బండి ఎట్లా ప్రవర్తిస్తుందో నాలుగు లైన్లు తెలుగులో రాసి డ్యాష్‌బోర్డ్ మీద అంటించండి. తాళంచెవి తీసుకున్న ప్రతి ఒక్కరూ అది చదవాలి. ఆ నాలుగు లైన్లు రాయడానికి సిగ్గనిపిస్తే, ఆ పని చేయించకుండా ఉండడమే మేలు.