వేప్‌ పవర్‌ లెక్క: నికోటిన్‌కు లిమిట్ ఉంది.. వాట్స్‌కు లేదు! కొత్తవాళ్లకు అసలు చిక్కు ఇక్కడే

బ్రిటన్‌లో వాడి పారేసే డిస్పోజబుల్ వేప్‌ల అమ్మకం 2025 జూన్ 1 నుంచి బంద్ అయింది. ఇప్పుడు అక్కడి షాపుల్లో చట్టబద్ధంగా అమ్మాలంటే ఛార్జింగ్ పెట్టుకునేలా, లిక్విడ్ నింపుకునేలా, కాయిల్ మార్చుకునేలా ఉండాలి. పాత డిస్పోజబుల్స్‌తో ఏ తలనొప్పీ లేదు. నోట్లో పెట్టుకుని పీలిస్తే ఆవిరి వచ్చేది, అంతే. కొత్త వాటిలో చాలా మోడళ్లకు చిన్న స్క్రీన్, ప్లస్-మైనస్ బటన్లు ఉంటున్నాయి. స్క్రీన్ మీద ఒక అంకె కనిపిస్తుంది. 12 వాట్స్, 25 వాట్స్, 60 వాట్స్. సిగరెట్ మానేద్దామని దాన్ని కొన్నవాళ్లకు వచ్చే మొదటి డౌట్ ఒకటే.. ఎంత పెట్టాలి?

చూడటానికి చిన్న ప్రశ్నే. కానీ ఈ-సిగరెట్లను కంట్రోల్ చేసే చట్టాల్లో ఉన్న పెద్ద ఖాళీ ఇక్కడే బయటపడుతోంది. సీసాలో నికోటిన్ ఎంత ఉండాలో చట్టం చెబుతోంది. అందులోంచి ఒంట్లోకి ఎంత వెళ్లాలో చాలావరకు ఆ బటన్ డిసైడ్ చేస్తోంది.

వాట్స్ పెంచితే లోపల ఏం జరుగుతుంది?

వేప్ లోపల ఉండేది ఒక చిన్న హీటర్. సన్నని లోహపు తీగ చుట్ట, దాని చుట్టూ దూది. దూది లిక్విడ్‌ను పీల్చుకుంటుంది, వేడెక్కిన తీగ దాన్ని ఆవిరి చేస్తుంది. తీగకు ఎంత కరెంటు అందితే అంత వేడి, ఎంత వేడికి అంత ఆవిరి.

లెక్క స్కూల్లో చదువుకున్నదే. వోల్టేజీని దాంతోనే గుణించి, తీగ నిరోధంతో భాగిస్తే వాట్స్ వస్తాయి. 3.7 వోల్టుల బ్యాటరీకి 1 ఓమ్ కాయిల్ పెడితే దాదాపు 14 వాట్స్. అదే బ్యాటరీకి 0.2 ఓమ్ కాయిల్ పెడితే 68 వాట్స్ దాటుతుంది. అందుకే ఒకరికి సరిపోయిన సెట్టింగ్ ఇంకొకరికి పనికిరాదు. కాయిల్ మారితే లెక్క మొత్తం మారిపోతుంది.

చట్టం ఎక్కడ ఆగిపోయింది?

2016 మే నుంచి యూరప్‌లో అమల్లో ఉన్న రూల్స్ ప్రకారం ఒక మిల్లీలీటర్ లిక్విడ్‌లో నికోటిన్ 20 మిల్లీగ్రాములు దాటకూడదు. ట్యాంక్ 2 మిల్లీలీటర్లు, రీఫిల్ సీసా 10 మిల్లీలీటర్లు మించకూడదు. బ్రిటన్ కూడా ఇవే లిమిట్స్ పాటిస్తోంది. మామూలుగా వాడినప్పుడు నికోటిన్ డోసు ఒకే తీరుగా అందాలనే నిబంధన కూడా యూరప్ చట్టంలో ఉంది. కానీ పరికరం ఇన్ని వాట్స్ దాటకూడదు అనే అంకె మాత్రం లేదు.

ఈ తేడా ఎంత పెద్దదో అమెరికన్ యూనివర్సిటీ ఆఫ్ బీరూట్, అమెరికాలోని వర్జీనియా కామన్‌వెల్త్ యూనివర్సిటీ పరిశోధకులు 2015లో లెక్క తేల్చారు. వోల్టేజీ, దమ్ము పొడవు, లిక్విడ్‌లో నికోటిన్.. ఈ మూడింటినీ మార్చి మార్చి మెషీన్‌తో 15 దమ్ములు లాగించారు. ఆవిరిలో వచ్చిన నికోటిన్ అతి తక్కువకు, అతి ఎక్కువకు మధ్య తేడా 50 రెట్లకు పైనే. చట్టం గట్టిగా పట్టుకున్నది ఈ మూడింట్లో ఒక్కదాన్నే.

నికోటిన్ తగ్గిస్తే సేఫేనా?

కొత్తవాళ్లు చాలామంది ఆలోచించేది ఇలాగే. తక్కువ నికోటిన్ ఉన్న సీసా కొంటే రిస్క్ తగ్గుతుందని. ఇక్కడే మెలిక ఉంది.

లండన్ సౌత్ బ్యాంక్ యూనివర్సిటీకి చెందిన లిన్ డాకిన్స్ టీమ్ 2018లో అనుభవం ఉన్న 20 మంది వేపర్లపై ఒక స్టడీ ప్రచురించింది. వాళ్లకు కొన్నాళ్లు 18 మిల్లీగ్రాముల లిక్విడ్, కొన్నాళ్లు 6 మిల్లీగ్రాముల లిక్విడ్ ఇచ్చారు. నికోటిన్ తగ్గించినప్పుడు వాళ్లు ఎక్కువ దమ్ములు, ఎక్కువసేపు లాగారు. లిక్విడ్ ఎక్కువ ఖర్చు చేశారు. ఫార్మాల్డిహైడ్ ప్రభావం కూడా ఎక్కువే కనిపించింది. అంటే, ఒంటికి అలవాటైన డోసు దొరికేదాకా మనిషి ఏదో ఒక దారి వెతుక్కుంటాడు. ఎక్కువసేపు పీల్చడం ఒక దారి. వాట్స్ పెంచడం ఇంకో దారి.

ఫార్మాల్డిహైడ్ గొడవ ఏంటి?

ఫార్మాల్డిహైడ్ క్యాన్సర్ కారకమని ప్రపంచ ఆరోగ్య సంస్థకు చెందిన క్యాన్సర్ పరిశోధన విభాగం ఎప్పుడో తేల్చింది. వేప్ లిక్విడ్‌లో ఉండే ప్రొపైలిన్ గ్లైకాల్, గ్లిజరిన్ మితిమీరి వేడెక్కితే విరిగిపోయి ఇలాంటివి పుడతాయి.

2015 జనవరిలో న్యూ ఇంగ్లాండ్ జర్నల్ ఆఫ్ మెడిసిన్‌లో పోర్ట్‌లాండ్ స్టేట్ యూనివర్సిటీ పరిశోధకులు ఒక లేఖ ప్రచురించారు. 3.3 వోల్టుల దగ్గర ఫార్మాల్డిహైడ్‌ను వదిలే పదార్థాలు దొరకలేదు. 5 వోల్టుల దగ్గర 10 దమ్ములకు సగటున 380 మైక్రోగ్రాములు కనిపించాయి. వోల్టేజీ పెరిగింది ఒకటిన్నర రెట్లే. పవర్ మాత్రం రెండు రెట్లు దాటింది.

దీనిపై పెద్ద దుమారమే రేగింది. అంత వేడిలో దూది ఎండి మాడు రుచి వస్తుందని, అలాంటి దమ్ము ఎవరూ లాగలేరని గ్రీస్ పరిశోధకుడు కాన్‌స్టాంటినోస్ ఫార్సలినోస్ వాదించారు. మామూలు వాడకంలో అంత ప్రమాదం ఉండదన్నది ఆయన పాయింట్. వాదనలో బలం ఉంది. అయితే మాడు రుచిని గుర్తుపట్టి ఆపేయాలంటే ముందు మామూలు రుచి తెలిసి ఉండాలి. మొదటి వారంలో ఉన్నవాళ్లకు అన్నీ ఘాటుగానే అనిపిస్తాయి. కాబట్టి ఈ వాదన అనుభవం ఉన్నవాళ్లకు ధైర్యం ఇస్తుందేమో కానీ, కొత్తవాళ్లకు అంత భరోసా ఇవ్వదు.

మరి కొత్తవాళ్లకు చెప్పే లెక్క ఏంటి?

కాయిల్ మీద ఎన్ని వాట్స్ నుంచి ఎన్ని వాట్స్ వరకు వాడొచ్చో సాధారణంగా రాసి ఉంటుంది. అందులో కింది అంకె దగ్గర మొదలుపెట్టాలి. పెంచాల్సి వస్తే ఒక్కో వాట్ చొప్పునే పెంచాలి. కొత్త కాయిల్ వేస్తే దూది లిక్విడ్‌తో బాగా తడిసేదాకా ఆగాలి. మాడు రుచి వస్తే వెంటనే ఆపాలి. నికోటిన్ ఎక్కువున్న లిక్విడ్‌ను హై పవర్ పరికరంలో వాడకూడదు. ఒకటి ఎక్కువైతే రెండోది తక్కువ ఉండాలి. తల తిరగడం, వికారం లాంటివి వస్తే ఒంట్లోకి నికోటిన్ ఎక్కువ వెళ్తోందని అర్థం.

ఇవన్నీ సిగరెట్ మానడానికి వేప్‌ను ఎంచుకున్న పెద్దవాళ్ల కోసం. స్మోకింగ్ కంటే హాని తక్కువే కానీ ప్రమాదం లేనిది కాదు, పొగ తాగనివాళ్లు, పిల్లలు అసలు ముట్టుకోవద్దు అన్నది బ్రిటన్ ఆరోగ్య సేవల సంస్థ ఎన్‌హెచ్‌ఎస్ మాట. ఏ సెట్టింగ్ పెట్టినా ఆ మాట మారదు.

మనవాళ్లు గుర్తుపెట్టుకోవాల్సింది

భారత్‌లో సీన్ పూర్తిగా వేరు. 2019 సెప్టెంబర్‌లో ఆర్డినెన్స్‌తో మొదలై, అదే ఏడాది చట్టంగా మారిన నిషేధం ఇక్కడ అమల్లో ఉంది. తయారీ, దిగుమతి, రవాణా, అమ్మకం, ప్రకటనలు అన్నీ నేరమే. మొదటిసారి పట్టుబడితే ఏడాది వరకు జైలు, లేదా లక్ష రూపాయల వరకు జరిమానా, లేదా రెండూ. మళ్లీ దొరికితే మూడేళ్ల వరకు జైలు, 5 లక్షల వరకు ఫైన్. నిల్వ చేసినా ఆరు నెలల వరకు జైలు పడొచ్చు. లండన్‌లో షాపులో బిల్లు ఇచ్చి అమ్మిన వస్తువే సెలవులకు ఇంటికొచ్చే స్టూడెంట్ బ్యాగులో హైదరాబాద్‌లో దిగితే కేసుకు దారితీయొచ్చు.

నెక్స్ట్ ఏంటి?

బ్రిటన్ 2026 అక్టోబర్ 1 నుంచి వేప్ లిక్విడ్‌పై 10 మిల్లీలీటర్లకు 2.20 పౌండ్ల పన్ను నిర్ణయించింది. నికోటిన్ ఎంతున్నా పన్ను ఒకటే. వాట్స్ పెంచితే లిక్విడ్ ఎక్కువ ఖర్చవుతుంది కాబట్టి, హై పవర్ వాడేవాళ్ల జేబుకే ఎక్కువ చిల్లు. కావాలని చేసినా, చేయకపోయినా, పవర్‌కు ఇది పరోక్షంగా ఒక బ్రేక్. కాకపోతే డబ్బు ఆదా చేయాలని ఘాటు లిక్విడ్ వైపు మళ్లేవాళ్లూ ఉండొచ్చు.

సీసాను వదిలేసి, సెకనుకు ఎంత నికోటిన్ బయటికి వస్తోందో దాన్నే కొలిచి లిమిట్ పెట్టాలని బీరూట్, వర్జీనియా పరిశోధకులు ఏళ్లుగా అంటున్నారు. అప్పుడు పరికరం, కాయిల్, లిక్విడ్ అన్నీ కలిపి ఒకే లెక్కలోకి వస్తాయి. అదయ్యేదాకా కొత్తగా కొన్నవాళ్ల డోసు ఎంత అన్నది వాళ్ల బొటనవేలి మీదే ఆధారపడి ఉంటుంది.