బడిమెట్లు

హైదరాబాదులోని తార్నాకలో నివసించు మావంటివారికి ఉస్మానియా విశ్వవిద్యాలయపు ఆవరణమే ఉదయపు నడకకు తావు. 1939లో ప్రారంభింపబడిన ఆర్ట్సు కళాశాల రాతిభవనము ముందరి మెట్లపై కొంతసేపు కూర్చుండి ఇల్లు చేరుట నా అలవాటు. ఆ మెట్లను చూచినప్పుడెల్ల నాకొక బాలుడు జ్ఞప్తికి వచ్చును.

ఇది ఇరువది యేండ్లకు పైమాట. నేనొక జిల్లా పాఠశాలలో ప్రధానోపాధ్యాయుడనుగా నుంటిని. ఒక తండ్రి తన కుమారుని ఎత్తుకొని వచ్చెను. పోలియో వలన బాలుని కాళ్ళు చచ్చుబడియుండెను. ఎక్కము లడిగితిని, తడుముకొనక చెప్పెను. పద్య మడిగితిని, శ్రావ్యముగా చదివెను. "అన్నియు బాగున్నవి గాని, ఆరవ తరగతి మేడమీద నున్నది. మా బడిలో మెట్లు ఎక్కువ. అబ్బాయికి వేరొక బడి చూచుకొనండి" అంటిని. "మంచిది సారూ" అని తండ్రి నమస్కరించి, బిడ్డను మరల ఎత్తుకొని వెడలిపోయెను. ఆ తరగతిని క్రింది గదికి మార్చిన చాలునని నాకానాడు తోచలేదు. అది ఒక్క పూట పని.

నేను కఠినుడను కాను. ఆ బాలునిపై జాలిపడితిని కూడ. కాని లోపము అతని కాళ్ళయందున్నదని తలచితిని. నిజమునకు లోపము నా బడి అమరికయందే యుండెను.

ఈ విశ్వవిద్యాలయపు చరిత్రయు ఈ సంగతినే చెప్పుచున్నది. 1918లో వెలసినప్పుడు ఇది, ఉన్నతవిద్యకు ఆంగ్లమే మార్గమను ఆచారమును విడిచి, ఉర్దూను బోధనాభాషగా గైకొనెను. ఆంగ్లము రానంతమాత్రమున విద్యార్థి తెలివి లేనివాడు కాడు. చదువే అతని చేరువకు రావలెను. అయినను ఉర్దూ రాని తెలుగు బాలునికి మరల నొక మెట్టు అడ్డముగనే నిలిచెను. అతడును తెలివి లేనివాడు కాడు గదా!

మన కాలమున బొల్లా శ్రీకాంత్ సంగతి చూడుడు. మచిలీపట్నము చెంతనున్న పల్లెలో పుట్టిన ఇతడు పుట్టుకతోనే చూపు లేనివాడు. పదవ తరగతి మంచి మార్కులతో నెగ్గినను, అంధుడను కారణమున సైన్సు చదువుటకు అనుమతి లభింపలేదు. న్యాయస్థానమున పోరాడి దానిని సాధించెను. పిదప అమెరికాలో మసాచుసెట్సు సాంకేతిక విద్యాసంస్థలో చదివి వచ్చి, హైదరాబాదున పరిశ్రమను స్థాపించెను.

ఇట్టి ప్రతిభావంతులకే బడి తలుపు తెరువవలెనని నా భావము కాదు. మెల్లగా నేర్చుకొను బిడ్డకును ఆ హక్కు సమానమే. 2016 నాటి దివ్యాంగుల హక్కుల చట్టము, 40 శాతమునకు తగ్గని వైకల్యము గల బాలలకు 6 ఏండ్లు మొదలు 18 ఏండ్ల వరకు ఉచితవిద్య నిచ్చినది. ఇంటి చేరువ బడినైనను, ప్రత్యేక పాఠశాలనైనను ఎన్నుకొను స్వేచ్ఛయు వారికి గలదు.

"ఒక్కరికొరకు తరగతి యంతయు వెనుకబడదా?" అని కొందరందురు. ఉపాధ్యాయునికి తగిన శిక్షణయు, తోడ్పాటును లేనిచో భారము నిజమే. వానిని సమకూర్చుట ప్రభుత్వము విధి. కాని నా అనుభవమున, ఒక్క బిడ్డకొరకు నిదానముగా చెప్పిన పాఠము, నల్లబల్లపై పెద్దగా వ్రాసిన అక్షరము, వెనుకబల్ల వారందరికిని మేలే చేసినవి.

మొన్న జూనులో మా వీధిలోని ఒక బాలిక చేరువ బడిలో చేరినది. చక్రముల కుర్చీలో పోవును, మాట తడబడును. అక్కడి ప్రధానోపాధ్యాయిని ఆమె తరగతిని క్రింది గదికి మార్పించెను. నాకు తోచని పని ఆమెకు తోచినది! "బడి ఎట్లున్నదమ్మా?" అని అడిగితిని. "అందరు నా కుర్చీ తోస్తమంటరు తాతా. నేను చెప్పేది అయ్యేదాక మాత్రం ఎవ్వరు ఆగరు" అని బాలిక బదులు చెప్పెను.

బాలబాలికలారా! తరగతిని క్రిందికి దింపుట పెద్దల పని. మిగిలిన ఈ మెట్టును తొలగించుట మీ చేతిలో నున్నది. ఆమెకు మీ జాలి అక్కరలేదు. ఆమె చేసికొనగల పనిని ఆమెనే చేసికొననిండు. ఆటలో చోటిండు. మాట ముగియువరకు ఆగుడు. దానికి ఒక్క నిమిషము చాలును.

నాడు నేను ఒక్క పూట పనికి వెనుదీసితిని. ఆ బాలుడు వేరొక బడిలో చేరెనో లేదో నేటికిని నేనెరుగను. అట్టి పశ్చాత్తాపము మీకు కలుగకుండుగాక!