మురికి పూస్తే రియలిజమా?

సైన్స్ ఫిక్షన్ మోడల్ కిట్లు కట్టేవాళ్ళలో ఒక జాడ్యం బాగా ముదిరింది. ఓడ ఏదైనా సరే, అతికించడం అవగానే ప్రతి ప్యానెల్ గీతలోనూ నల్లటి వాష్ నింపడం, దానిమీద తుప్పు చారలు దించడం, ఆపైన నాలుగు మసి మరకలు. ఎందుకయ్యా అంటే "రియలిస్టిక్‌గా ఉండాలి కదండీ" అంటారు. శుభ్రంగా ఉన్న మోడల్ కనబడితే "బొమ్మలా ఉంది" అని ఓ పెదవి విరుపు. ఈ మాట వింటే నాకు ఒళ్ళు మండుతుంది. ఎందుకో చెప్తాను, ఆ తర్వాత తిట్టేవాళ్ళు తిట్టొచ్చు :)

ముందు ఆ రియలిజం సంగతే చూద్దాం. తుప్పు పట్టాలంటే ఆక్సిజనూ తేమా ఉండాలి. చారలు కిందికి కారాలంటే వాన పడాలి, అసలు 'కింద' అనేదొకటి ఉండాలి. శూన్యంలో ఇవేవీ లేవు. 2011లో రిటైరైన డిస్కవరీ షటిల్ ఒంటినిండా చారలే కదా అంటారా? నిజమే. అది 39 సార్లు వాతావరణాన్ని చీల్చుకుంటూ దిగొచ్చింది మరి. ఎంటర్‌ప్రైజ్ అలా దిగే ఓడ కాదు. ప్రతివారం అంత ఓడని గ్రహం మీద దించి చూపించే ఖర్చు భరించలేకే కదా స్టార్ ట్రెక్ వాళ్ళు ట్రాన్స్‌పోర్టర్‌ని సృష్టించింది!

"మరి స్టార్ వార్స్?" అని అడుగుతారని తెలుసు. 1977లో మిలీనియం ఫాల్కన్‌కి మురికి పూశారంటే, అది స్మగ్లర్ నడిపే పాత డొక్కు ఓడ కాబట్టి. అక్కడ మసి కూడా కథ చెప్తుంది. ఆ మసిని తెచ్చి ఎంటర్‌ప్రైజ్‌కి పులమడం పులిని చూసి నక్క వాత పెట్టుకోవడమే.

ఈ పిచ్చి మన టేబుల్ మీద కిట్లతో ఆగలేదండోయ్. 1960ల సీరియల్‌లో వాడిన 11 అడుగుల అసలు ఎంటర్‌ప్రైజ్ మోడల్ 1974లో స్మిత్‌సోనియన్‌కి చేరింది. 1990ల మొదట్లో దాన్ని బాగుచేస్తూ ఒంటినిండా ముదురు ప్యానెల్ గీతలు, ఛాయలు వేసేశారు. అసలు దానిమీద ఉన్నవి సాసర్ పైన పెన్సిల్‌తో గీసిన సన్నటి గీతలు, పట్టి చూస్తే గానీ కనబడని లేత మరకలు. అభిమానులు ఏళ్ళ తరబడి మొత్తుకున్నారు. చివరికి మ్యూజియం వాళ్ళు 1976కి ముందు తీసిన ఫోటోలుంటే ఇవ్వమని జనాన్ని అడిగి, ఆధారాలు వెతికి, 2016లో మళ్ళీ పాత రూపానికి తెచ్చారు. అదృష్టం కొద్దీ సాసర్ పైభాగంలో అసలు రంగు మిగిలింది. అదీ పోయుంటే ఏ ఫోటో చూసి నమ్మేవాళ్ళం?

1979 సినిమా ఎంటర్‌ప్రైజ్‌కి ముత్యంలా మెరిసే రంగులు వేశారు. 1982 సినిమాకి వచ్చేసరికి ఆ మెరుపు బ్లూస్క్రీన్ నీలాన్ని పట్టేస్తోందని పైన డల్ కోటు కొట్టారు. అంటే వాళ్ళు చేసిన ప్రతి మార్పుకీ ఓ కారణముంది. మన నల్ల వాష్‌కి ఉన్న కారణమేంటి?

నన్నడిగితే అసలు కారణం డెకాల్స్. మ్యాట్ రంగు మీద నేరుగా డెకాల్ వేస్తే ఆ గరుకులో గాలి చిక్కుకుని, ఫిల్మ్ వెండిలా తెల్లగా మెరుస్తుంది. ఇలా కాకూడదంటే ముందు గ్లాస్ కోటు కొట్టి, బాగా ఆరనివ్వాలి. నీళ్ళలో నానబెట్టిన డెకాల్‌ని జరిపి కూర్చోబెట్టి, సాఫ్టెనర్ రాయాలి. అది ముడతలు పడుతుంది, కంగారుపడి ముట్టుకోకూడదు, ఆరాక దానంతటదే సాపవుతుంది. బుడగలు మిగిలితే సూదితో పొడిచి మళ్ళీ సాఫ్టెనర్. ఆపైన ఇంకో గ్లాస్ కోటు, ఆఖర్న మ్యాట్‌గానీ సాటిన్‌గానీ. సాసర్ మీద వంపు తిరిగే ఎన్‌సీసీ-1701 అక్షరాలకి రెండు మూడు రోజులు పడుతుంది. అంత ఓపిక లేనివాళ్ళు మెరిసే అంచు మీద కాస్త మసి పూసి "వెదరింగ్" అని పేరు పెడతారు. మన భాషలో చెప్పాలంటే ఎక్సెప్షన్‌ని ఖాళీ క్యాచ్ బ్లాకులో మింగేసి, బిల్డ్ పాసైందని మెయిల్ పెట్టడం. శుభ్రమైన ఫినిష్‌లో దాక్కోడానికి చోటుండదు, అందుకే దానికంత భయం.

"నా మోడల్, నా ఇష్టం" అంటారా? భేషుగ్గా. గులాబీరంగు వేసుకున్నా నేనేమీ అనను. కానీ దాన్ని రియలిజం అనకండి. ముఖ్యంగా, మొదటి కిట్ కట్టి ఆశగా చూపించే కుర్రాడితో "ఇంకొంచెం మురికి చెయ్యి" అనకండి. వాడు డెకాల్ సరిగ్గా వెయ్యడం నేర్చుకోకముందే దాన్ని కప్పెట్టడం నేర్చుకుంటాడు. ఆ తర్వాత పది కిట్లు కట్టినా అదే చేస్తాడు.

బ్రష్ ముంచేముందు ఒక్క ప్రశ్న వేసుకోండి చాలు: ఈ మరక ఈ ఓడకి ఎక్కణ్ణుంచి వచ్చింది? జవాబుంటే పూయండి. లేకపోతే మూత పెట్టేయండి.