చిన్న సంఘము – పెద్ద కుటుంబము



పోయిన నెల ఒక చెల్లెలు నన్ను ఇలా అడిగింది. "అక్కయ్యా, మా ఊరి సంఘంలో 25 కుటుంబాలే. మైకు లేదు, క్వయరు లేదు. పాస్టరు గారు నాలుగు ఊళ్ళు చూసుకోవాలి గనుక నెలకు రెండు ఆదివారాలే వస్తారు. ఆటో ఎక్కితే అరగంటలో పట్నంలో పెద్ద చర్చి. పిల్లలు అక్కడికే పోదామంటున్నారు. ఏం చేయమంటారు?"

ఈ ప్రశ్న నాకు కొత్త కాదు. ఒకప్పుడు నేనూ వెళ్ళిపోవాలనుకున్నదాన్నే. అయితే నా కారణం వేరు. దాచకుండా చెబుతాను.

మాది 23 కుటుంబాల సంఘము. పెంకుల గుడి, నేల మీద చాపలు, ఒక డోలక్కు, రెండు జతల తాళాలు. ఒక సంవత్సరం నాకూ మా తోడికోడలికీ పెరటి గోడ దగ్గర జానెడు స్థలం గురించి మాటా మాటా పెరిగింది. ఆరు నెలలు మాటలు లేవు. వీధిలో ఎదురుపడితే పక్క సందులోకి తిరిగేదాన్ని. గుడిలో తిరగడానికి సందు లేదు! ఆడవాళ్ళం పట్టుమని 30 మందిమి. ఆమె పాట నాకు వినబడేది, నా ప్రార్థన ఆమెకు వినబడేది. సంస్కారపు ఆదివారం మరీ కష్టం. ఆమె బల్ల దగ్గరకు వెళితే నేను వెనుక ఆగిపోయేదాన్ని.

చివరికి రెండు ఆదివారాలు బస్సెక్కి పట్నం చర్చికి వెళ్ళాను. పాటలు బాగున్నాయి, వాక్యము బాగుంది. నా పక్కన కూర్చున్నామె ఎవరో నాకు తెలియదు, నేనెవరో ఆమెకు తెలియదు. నా మనసులోని పగ ఎవరికీ తెలియదు. హాయిగానే అనిపించింది. ఆ హాయి మంచిది కాదని తరువాత గ్రహించాను.

మూడో శనివారం సాయంత్రం మా సంఘములోని ఒక పెద్దమ్మ కర్ర పొడుచుకుంటూ మా గడపకు వచ్చింది. "రెండు వారాలుగా నువ్వు కూర్చునే చోటు ఖాళీగా ఉందే, ఒంట్లో బాగాలేదా అమ్మాయీ?" అన్నది. మందలించలేదు. వాకిట్లో కూర్చుని ప్రార్థన చేసి వెళ్ళిపోయింది.

మరునాడు కోత పండుగ. ఆరాధన అయ్యాక కానుకల వేలంపాట. పిడికెడు బియ్యం పోగుచేసిన మూటలు, గుడ్లు, కోడిపుంజు, కూరగాయలు అన్నీ వచ్చాయి. కొన్నవారు మళ్ళీ ప్రభువుకే ఇచ్చేస్తుంటే ఒక్క సొరకాయ మూడుసార్లు అమ్ముడుపోయింది. తరువాత మా తోడికోడలు తెచ్చిన గుమ్మడికాయ వంతు. ఆ గోడ పక్కన కాసినదే! ఎవరూ పాట పెంచడం లేదు. ఆమె తల వంచుకుని కూర్చున్నది. "50 రూపాయలు" అన్నాను నేను. గుడి అంతా నిశ్శబ్దం. మా సంగతి తెలియనిదెవరికి?

ఇంటికి వచ్చి కాయను రెండుగా కోసి, ఒక సగం నేనే తీసుకెళ్ళి ఇచ్చాను. "పులుసు పెడతాను, తిని వెళ్ళు అక్కా" అన్నది. తరువాత పెద్దలు టేపు పెట్టి కొలిస్తే ఆ జానెడు స్థలం నాది కాదని తేలింది. అప్పటికి అది నాకు పెద్ద విషయంగా తోచలేదు.

ప్రియులారా, అపొస్తలుల కాలపు సంఘములు ఎక్కువగా ఇళ్ళలోనే కూడుకునేవి. ప్రిస్కిల్ల అకులల ఇంట, ఫిలేమోను ఇంట, నుంఫా ఇంట సంఘమున్నదని పౌలు పత్రికలలో చదువుతాము. ఫిలిప్పీ సంఘము లూదియ ఇంటి నుండి మొదలైంది. ఆ సంఘములోనే యువొదియ, సుంటుకే అనే ఇద్దరు స్త్రీలకు పొసగలేదు. పౌలు వారిద్దరినీ పేరు పెట్టి బ్రతిమాలుకున్నాడు. ఆ పత్రిక సంఘమంతటి ఎదుట చదివినప్పుడు వారిద్దరూ ఎక్కడ కూర్చున్నారో! చిన్న సంఘములో మన తప్పు దాగదు. అందుకే అది బాగుపడుతుంది కూడా.

మన తెలుగు నేల సంగతి చూడండి. 1854 జనవరి 1వ తేదీ తెల్లవారుజామున ఒంగోలు కొండ మీద జ్యూవెట్ దంపతులతో కలిసి ప్రార్థించినవారు మొత్తం ఐదుగురే. 1867 జనవరి 1న ఒంగోలు సంఘము ఏర్పడినప్పుడు సభ్యులు ఎనిమిది మంది. 1878 జూలై 3న గుండ్లకమ్మ ఒడ్డున వెలంపల్లి దగ్గర ఒక్కరోజే 2,222 మంది బాప్తిస్మము పొందారు. ఆ రోజును అందరూ చెప్పుకుంటారు. అయితే ఆ ఎనిమిది మంది కూడుకున్న ఆదివారాలు దేవుని దృష్టికి తక్కువైనవి కావు.

ఇక ఆ చెల్లెలికి నా జవాబు. చదువుకో ఉద్యోగానికో పట్నంలో ఉన్నవారు అక్కడి సంఘములో చేరడం మంచిదే. ఊళ్ళోనే ఉన్న మీరు మాత్రం తొందరపడకండి. ఒక అబ్బాయికి డోలక్కు ఇవ్వండి, ఒక అమ్మాయిని వాక్యపాఠము చదవమనండి. తాము లేకపోతే ఆరాధన కుంటుపడుతుందని తెలిసిన పిల్లలు తేలికగా వదిలిపోరు. పాస్టరు గారు రాని ఆదివారం గుడికి తాళం వేయకండి. సంఘ పెద్దలే ఆరాధన నడిపించాలి. చిన్న సంఘముకున్న పెద్ద జబ్బు చెప్పుడు మాటలు. ప్రార్థనలో విన్న ఒకరి కష్టాన్ని కుళాయి దగ్గరకు మోసుకుపోకండి.

ఈ వారం గుడిలో ఎవరి చోటు ఖాళీగా ఉన్నదో చూడండి. సాయంత్రానికి ఆ గడప తొక్కండి. ఇద్దరు ముగ్గురు కూడుకున్న చోట ఉంటానన్న ప్రభువు మీ చిన్న సంఘమును దీవించును గాక. ఆమేన్.